కంబళి ఎత్తినందుకు

నూర్సులూకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. తొక్తార్ తాగడు. చెయ్యి చేసుకోడు. పెళ్ళయిన ముప్పయ్యెనిమిదేళ్ళలో ఆవిడ పుట్టింటివాళ్ళని ఒక్క పల్లెత్తు మాట అనలేదు. ఇలాంటి మనిషి గురించి ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గర ఏం చెప్పుకోవాలో తెలియక ఆవిడ చాలాకాలం ఇబ్బంది పడింది. చివరికి దేవుడే దయతలిచి ఆ పెట్టెని ఇంటికి పంపించాడు.

రెండు సబ్బుబిళ్ళలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత పెట్టె. రేడియేషన్ కొలుస్తుంది. సెమెయ్ పట్నం పక్కన మైదానంలో మాస్కోవాళ్ళు నలభయ్యేళ్ళపాటు అణుబాంబులు పేల్చి చూసుకున్న పొలిగోన్ మూతబడిన కొత్తల్లో, సభలూ ఊరేగింపులూ జోరుగా సాగుతున్న రోజుల్లో, బస్సు డ్రైవరుగా ఉన్న తొక్తార్ తన గొర్రెతోలు కోటు ఇచ్చి దాన్ని పుచ్చుకున్నాడు. ఆ చలికాలమంతా దగ్గుతూనే కొలిచాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏదీ కొలవకుండా పొయ్యెక్కింది లేదు. పుచ్చకాయలు, ఇర్తిష్ నదిలో చేపలు, అడవి పుట్టగొడుగులు, గుర్రం మాంసం. కోడలు జిబెక్ కాపరానికొచ్చిన రోజున ఆ పిల్ల తెచ్చుకున్న పరుపుల్ని కూడా వియ్యంకుల ఎదుటే కొలిచాడు. "భేషుగ్గా ఉన్నాయి, మా గోడకంటే శుభ్రం," అని మెచ్చుకున్నాడు. వియ్యపురాలు ఆ మెప్పుని ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే, ఆపరేషన్ అయిపోయి, మందులెక్కించడం అయిపోయి, ఇక రొమ్ము తీసేసిన చోట ఇరవయ్యయిదు రోజులు కిరణాలు పెట్టాలని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రం, ఇంట్లో అందరూ నూర్సులూని కాకుండా తొక్తార్‌ని చూశారు.

"కత్తి పెడతామన్నారు, సరే అన్నాను. జుట్టూడే మందు ఎక్కిస్తామన్నారు, సరే అన్నాను. ఇప్పుడు కిరణాలా? నలభయ్యేళ్ళు అడక్కుండానే మన నెత్తిన పోశారు కదా. ఇప్పుడు వరసలో నిలబడి, అడిగి మరీ పోయించుకోవాలా?" అన్నాడు తొక్తార్.

జిబెక్ చంటిపిల్లని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. అలా చేసినట్టు కోడలికే తెలియదు. నూర్సులూకి తెలిసింది.

మర్నాడు తొక్తార్ పెట్టె జేబులో వేసుకుని, వీధి చివర ఉండే రిటైరైన ఫిజిక్స్ మాస్టారి ఇంటికి వెళ్ళాడు. మూడురోజులు వెళ్ళాడు. నాలుగోరోజుకి మతం మార్చుకున్న మనిషిలా తిరిగొచ్చి, భోజనాల బల్లమీది గుడ్డమీదే పెన్సిలుతో బొమ్మ గీశాడు.

"ముసలమ్మా, ఇలా చూడు. ఇది దీపం లాంటిది. స్విచ్చి వేస్తే వెలుగు, ఆపితే చీకటి. నీ ఒంట్లో ఏమీ మిగలదు. పిల్లని ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. ఆ బాంబులది వేరు. అది గాలిలో కలిసింది, గడ్డిలో కలిసింది, పాలలోకొచ్చింది. ఇది అలా కాదు. గీసిన గీత దాటదు."

"గుడ్డ ఉతికేది ఎవరు?"

"నేనే ఉతుకుతాను. అర్థమైందా లేదా?"

అర్థమైంది. నూర్సులూ ముప్పయ్యేళ్ళు రొట్టెల ఫ్యాక్టరీలో పిండి పాళ్ళు చూసిన మనిషి. ఆవిడకి అర్థంకాకపోవడం అనే జబ్బు లేదు. ఆవిడకి పట్టుకున్నది ఇంకేదో. అది ఏమిటో మొగుడికి చెప్పలేదు. యాభై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

సోమవారం మొదటిరోజు. యంత్రం నడిపే ఆవిడ పేరు రౌషాన్. నలభై దాటిన, నెమ్మదైన మనిషి. కొలతలు తీసిన రోజునే నూర్సులూ ఛాతీమీద ఊదారంగు సిరాతో గీతలు గీసిందీ ఆవిడే. అవి చెరిగిపోతే మళ్ళీ మొదట్నుంచీ గీయాలి కాబట్టి నూర్సులూ వారంరోజులుగా స్నానం మానేసి, అటూ ఇటూ తడిగుడ్డతో ఒత్తుకుంటోంది. అద్దంలో చూసుకుంటే ఒళ్ళు ఎవరో రెండు జిల్లాలుగా పంచి సరిహద్దులు వేసినట్టుంది.

"చేతులు తలపైకి పెద్దమ్మా. అలాగే. ఇక కదలకండి. నేను బయటికెళ్తాను, రెండు మూడు నిమిషాలు. పైకే చూస్తూ ఉండండి."

బరువైన తలుపు మూసుకోవడం మొదలైంది. ఎర్రదీపం వెలిగింది. ఏదో సన్నగా కూత పెట్టింది.

నూర్సులూ ఏమీ అనుకోలేదు, ఏమీ నిర్ణయించుకోలేదు. కాళ్ళు వాటంతట అవే బల్ల దిగాయి. తలుపు పూర్తిగా పడకముందే, మిగిలిన సందులోంచి, అరవై నాలుగేళ్ళ మనిషి గొర్రెపిల్లలా దూరి బయటపడింది. దుప్పటి చుట్టుకుని నడవాలో నిలబడ్డాక గానీ తానేం చేసిందో ఆవిడకి తెలియలేదు.

నడవాలో గోడవారగా పొడుగు బెంచీ ఉంది. తలకి రుమాళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళు నలుగురు దానిమీద కూర్చున్నారు. ఎదురుగా స్టూలు మీద ఫ్లాస్కు, పియాలాలు, గుడ్డమూటలో నూనెలో పొంగించిన పిండి ఉండలు, బావుర్సాకులు.

"వచ్చిందమ్మా కొత్త కోడలు," అంది వాళ్ళలో చిన్నది. పేరు దానా. ముప్పయ్యయిదేళ్ళుంటాయేమో, బజార్లో మేజోళ్ళు అమ్ముతుంది. "ఇలా రా. టీ పొయ్యి."

"నేనా?"

"మరి నేనా? నాకివాళ ఇరవయ్యొకటో రోజు. ఈ బెంచీకి అత్తగారిని నేను."

ఆ బెంచీ మీద పుట్టిన సంవత్సరానికి విలువలేదు. ఎన్నిసార్లు బల్లెక్కారన్నదే పెద్దరికం. డెబ్భయ్యేళ్ళ బిబీష్‌కి ఆరోజు పదిహేను కాబట్టి ఆవిడ కూడా దానా ముందు కోడలే. కొత్తగా వచ్చినవాళ్ళు టీ పోయాలి. ఇంకో కొత్తావిడ వచ్చేదాకా వాళ్ళే పోస్తూ ఉండాలి.

"నేను కోడల్ని కూడా కాను," అంది నూర్సులూ. "మధ్యలో దిగి వచ్చేశాను."

"ఓహో, అయితే ఇంకా పెళ్ళిచూపుల్లోనే ఉన్నామన్నమాట. ఫరవాలేదు, టీ రంగు చూసి ఒప్పుకుంటాం."

నూర్సులూ పాలు ముందు, తర్వాత డికాషను, పియాలాలో సగానికి మించకుండా పోసింది. నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మన్నట్టు. ఆ మర్యాదైతే చేతికి గుర్తుంది. అయినా టీ దానా మోకాలి మీద ఒలికింది. అందరూ ఒక్కసారిగా కిటికీలోంచి మంచుని చూడటం మొదలుపెట్టారు.

"ఏ ఊరు మీది?" అంది బిబీష్ కాసేపయ్యాక.

సెమెయ్‌లో మామూలుగా అడిగితే అది మామూలు ప్రశ్నే. ఆ బెంచీ మీద అడిగితే, బాంబులు పేల్చిన రోజుల్లో ఎక్కడున్నావని.

"కరసూ."

"కొండకి అవతలా, ఇవతలా?"

"ఇవతల. పొలిగోన్ వైపు."

"ఆఁ," అంది బిబీష్. బావుర్సాకుల మూట నూర్సులూ వైపు జరిపింది.

ఇంతలో రౌషాన్ వచ్చింది. తిడుతుందని నూర్సులూ తలవంచుకుంది. రౌషాన్ బెంచీ చివర కూర్చుని తనకీ ఒక పియాలా అందుకుంది.

"తలుపు చూస్తే భయమేసిందా పెద్దమ్మా?"

"లేదు."

"చప్పుడా?"

"కాదు."

"మరి?"

"నువ్వు పడుకోమన్నావు. కదలొద్దన్నావు."

"అన్నాను."

"అదే."

రౌషాన్ తల ఊపింది. "పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. టీవీలో చూసి భయపడేవాళ్ళు వేరే ఊళ్ళల్లో ఉంటారు. ఇక్కడివాళ్ళకి దీనితో సొంత పరిచయం. ఒకావిడ ఎర్రదీపానికి రుమాలు కట్టించింది. ఇంకొకావిడకి ఎన్ని క్షణాలైందో నేను లెక్క పెట్టి చెప్పాలి, అదీ మన భాషలోనే, రష్యన్‌లో అంటే ఒప్పుకోదు. లోపలికి నా గొంతు వినపడుతుంది, మైకుంది. నేనేం మాట్లాడాలో మీరు చెప్పండి. ఏం మాట్లాడకూడదో కూడా చెప్పండి. గురువారం దాకా ఆలోచించుకోండి."

"గురువారం కూడా నావల్ల కాకపోతే?"

"గీతలు చెరిగిపోతాయి. మళ్ళీ వరస చివరికి పోతారు. ఇప్పుడు వరస నెలన్నరుంది." రౌషాన్ గొంతు తగ్గించింది. "ఆపరేషన్ అయి మీకు ఇప్పటికే ఆలస్యమైంది. ఇంకో నెలన్నర ఆగకూడదు పెద్దమ్మా. ఆగితే, ఇన్నాళ్ళూ పడ్డదంతా ఎందుకు పడ్డట్టు?"

నూర్సులూ దిగి వచ్చేసిన సంగతి ఇంట్లో చెప్పకూడదనుకుంది. కానీ దుప్పటి చుట్టుకుని నడవాలోకి పరిగెత్తిన భార్యని గేటు దగ్గర్నుంచి అద్దాల్లోంచి చూసిన తొక్తార్‌కి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఆయన పెట్టెతో కాని పనికి ఇంకెవరున్నారా అని ఆలోచించి, కరసూకి ఫోన్ చేశాడు.

బుధవారం పొద్దున్నే ఖదీషా దిగింది. నూర్సులూ అక్క. డెబ్భయ్యేళ్ళు. చేతిలో గుర్రం మాంసం చుట్టలు, ఎండబెట్టిన పెరుగు ఉండలు, నోట్లో అప్పటికే మొదలైన వాక్యం.

"— రాత్రంతా బస్సులో ఎవడో ఉల్లిపాయలు తిన్నాడు. ఏదీ అది? దిగి వచ్చేసిందంటగా?"

అమ్మ తమ్ముణ్ణి కని పోయినప్పుడు ఖదీషాకి పదేళ్ళు. నాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు సమష్టి క్షేత్రం గొర్రెలతో కొండల్లో ఉండేవాడు. నాలుగేళ్ళ నూర్సులూనీ, పొత్తిళ్ళలో అమంతాయ్‌నీ ఖదీషాయే పెంచింది. ఇప్పటికీ చెల్లెలి పియాలాలో టీ ఎక్కువ వేడిగా ఉందేమోనని తాకి చూసి ఇస్తుంది. నూర్సులూ పెళ్ళప్పుడు తన చెవిదిద్దులు తీసి ఇచ్చేసింది. అలాంటి అక్క మీద కోపం తెచ్చుకోవడానికి నూర్సులూకి ఎన్నడూ మొహం చెల్లలేదు.

"చిన్నప్పట్నుంచీ ఇంతే," అంది ఖదీషా, మాంసం చుట్టలు విప్పుతూ. "పడుకోమంటే పడుకోదు. చూడకే అంటే చూస్తుంది. ఆరోజూ అంతేగా."

నూర్సులూ చేతిలో పియాలా ఆగింది.

"ఏ రోజు వదినగారూ?" అన్నాడు తొక్తార్.

"ఏదో రోజులే," అంది నూర్సులూ గబగబా. "నీ పెట్టె ఏదీ? అక్క మాంసం తెచ్చింది, కొలవ్వా?"

తొక్తార్ పెట్టె కోసం లేచాడు. ఆ ఇంట్లో మాట మార్చడానికి దాన్ని మించిన సాధనం లేదు.

ఆరోజు వేసవి. లారీల్లో సైనికులొచ్చి, ఇళ్ళలో ఎవరూ ఉండకూడదని, ఊరి బయట వాగు పల్లంలో బోర్లా పడుకోవాలని, కంబళ్ళు కప్పుకోవాలని ఇంటింటికీ చెప్పారు. ఎందుకో చెప్పలేదు. నాన్న కొండల్లో ఉన్నాడు. పధ్నాలుగేళ్ళ ఖదీషా చెల్లెల్నీ తమ్ముణ్ణీ పల్లంలోకి లాక్కెళ్ళి, పక్కపక్కన బోర్లా పడుకోబెట్టి, మీద మందపాటి కంబళి కప్పింది. ఉన్ని తడిపి, చుట్టి, అంతకుముందు చలికాలమంతా తనే కాళ్ళతో తొక్కి చేసిన కంబళి. "కదలొద్దు. తలెత్తొద్దు. నేను చెప్పేదాకా చూడొద్దు," అని ఆ పక్కనే తానూ పడుకుంది.

కంబళి కింద ఉక్క. గొర్రె వాసన. ఎనిమిదేళ్ళ నూర్సులూ ఊపిరి కోసం అంచు ఎత్తింది. జానెడు ఎత్తింది, అంతే. అప్పుడే వెలుగొచ్చింది. గడ్డిపరకల నీడలు బారెడు పొడుగు పడ్డాయి. పడి, చూస్తుండగానే పొట్టివైపోయాయి. పొద్దు పొడిచి మధ్యాహ్నం అవడానికి ఎంతసేపు పట్టాలో అంతా ఒక్క గుక్కలో అయిపోయినట్టు. నాలుగేళ్ళ అమంతాయ్ ఆమె చంకలోంచి తల బయటపెట్టి, "అక్కా, కుక్క నీడ చూడు, కుక్క నీడ చూడు," అని నవ్వాడు. మేకుకి కట్టేసి ఉన్న కుక్కకి పడుకోమని ఎవరూ చెప్పలేదు. తర్వాత నేల వాళ్ళ పొట్టల కింద అలలా కదిలింది.

రెండు చలికాలాలయ్యాక అమంతాయ్‌కి ముక్కులోంచి రక్తం కారడం మొదలై, ఆగలేదు. వాడు పోయిన ఏడోరోజు భోజనాలకి పిండి కలుపుతూ, చెల్లెలి మొహం చూడకుండా, ఖదీషా అంది: "నువ్వు కంబళి ఎత్తకుండా ఉంటే వాడు ఉండేవాడు."

ఒక్కసారే అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. 'ఆరోజు' అంటే సరిపోయేది.

పొలిగోన్ మూసేశాక జరిగిన సభల్లో, కంబళి అయినా గుడ్డయినా ఒకటేనని, జల్లెడతో నీళ్ళకి అడ్డం కట్టినట్టేనని పెద్దపెద్ద డాక్టర్లు చెప్పారు. తొక్తార్ ఇంటికొచ్చి అది వందసార్లు చెప్పాడు. నూర్సులూ విన్నది. నిజమే అనుకుంది. అనుకుని పిండి కలపడానికి వెళ్ళింది. డాక్టర్లు చెప్పింది బుర్రలోకి వెళ్ళింది. అక్క చెప్పింది ఎక్కడుందో అక్కడికి ఏ డాక్టరూ వెళ్ళలేకపోయాడు. రొమ్ములో గడ్డ తగిలిన రోజు ఆవిడకి ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. తమ్ముడి తర్వాత తన వంతు, ఇంతాలస్యం ఎందుకైందా అనుకుందంతే. ఇప్పుడు మళ్ళీ పడుకోమంటున్నారు, కదలొద్దంటున్నారు, వెలుగు పడుతుందంటున్నారు. ఈసారి కప్పడానికి కంబళి కూడా లేదు.

గురువారం ఖదీషా కూడా ఆస్పత్రికి బయల్దేరింది. "నేనుంటే దిగదు," అంది తొక్తార్‌తో, మొండి ఎద్దు గురించి చెబుతున్నట్టు.

బెంచీ మీద దానా కొంచెం జరిగి ఆవిడకి చోటిచ్చి, నూర్సులూ వైపు చిటికె వేసింది. "కోడలా, ఏమిటా నిలబడటం? అతిథి వచ్చారు, టీ పొయ్యి."

"ఇదేం చోద్యమే?" అంది ఖదీషా. "నీ వయసెంత, దాని వయసెంత? పెద్దదాని చేత టీ పోయించుకుంటావా?"

"ఇరవై నాలుగోరోజు పెద్దమ్మా నాది. రేపటితో పదవి దిగిపోతాను, ఈ ఒక్కరోజూ ఏలుకోనివ్వండి."

బిబీష్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఖదీషా టీ అందుకుని, రంగు చూసి, తాగింది. అప్పుడు బిబీష్ అలవాటు ప్రకారం అడిగింది.

"మీరు ఆ రోజుల్లో ఎక్కడున్నారమ్మా?"

ఖదీషా నడుం నిటారుగా చేసుకుంది. యాభై ఆరేళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నదానిలా చెప్పింది. లారీలు, పల్లం, కంబళి. "మా కంబళి ఆషామాషీది కాదు. ఆరు పొరలు. చలికాలమంతా నేనే తొక్కాను. కాళ్ళు పగిలిపోయాయి. ఇద్దర్నీ కింద పెట్టి కప్పాను. ఎలా చెప్పారో అలాగే చేశాను, ఒక్కటి తప్పలేదు. ఇది అంచు ఎత్తింది. వాడు తల బయటపెట్టాడు. రెండు చలికాలాలు బతికాడు."

నూర్సులూ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. అది బిగిసిపోయింది, అయినా బిగిస్తూనే ఉంది. ఆ మాట పరాయివాళ్ళ ముందు వినడం అదే మొదటిసారి.

తర్వాత బిబీష్ తన పియాలాలోకి చూస్తూ చెప్పింది.

"మేం ఎత్తలేదు. ఐదుగురం పిల్లలం. మామీద కంబళి వేసి, కంబళి మీద మా అమ్మ బోర్లా పడుకుంది. ఎవరూ ఎత్తడానికి లేదు. ఇప్పుడు ఆ ఐదుగురిలో నేనొక్కదాన్నే." పియాలా నూర్సులూకి అందించింది. "ఇంకొంచెం పొయ్యమ్మా."

"మా అమ్మమ్మ వాళ్ళు బంగాళాదుంపల గోతిలో దిగి పైన తలుపేసుకున్నారు," అంది దానా. ఇప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఆ వెలుగు ఎలా ఉంటుందో మా అమ్మమ్మకి చచ్చేదాకా తెలీదు. మా అమ్మ నలభై రెండేళ్ళకే పోయింది, ఇదే జబ్బు. నేనప్పటికి పుట్టనేలేదు కదా పెద్దమ్మా. నేనెత్తిన కంబళి ఏదో మీరే చెప్పండి."

ఖదీషా బెంచీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. చూడొద్దంటే చూడనివాళ్ళూ, ఎత్తొద్దంటే ఎత్తనివాళ్ళూ, అసలు పుట్టనివాళ్ళూ, అందరూ రుమాళ్ళు కట్టుకుని టీ తాగుతున్నారు.

"మీ కంబళి పల్చనిదేమో," అంది బిబీష్‌తో. ఆ మాటలో పట్టు లేదు.

"అయ్యుంటుందమ్మా," అంది బిబీష్ మర్యాదగా.

తలుపు తెరుచుకుంది. "నూర్సులూ పెద్దమ్మా, రండి," అంది రౌషాన్. "ఆలోచించారా? మైకులో నేనేం చెప్పను?"

నూర్సులూ లేచి నిలబడింది. ఇంట్లో మూడురోజులు ఆలోచించి ఒక్క మాటా దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

"నువ్వేం చెప్పొద్దు. మా అక్కని మాట్లాడమను."

"బంధువుల్ని మైకు దగ్గర కూర్చోబెట్టకూడదు..." రౌషాన్ ఆగి, ఫోన్ తీసి డాక్టరమ్మతో రెండు ముక్కలు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి ఖదీషా వైపు తిరిగింది. "రండి. కానీ అక్కడున్న మీటలు దేన్నీ ముట్టుకోకూడదు."

"నేనేం మాట్లాడనే?" అంది ఖదీషా. పెళ్ళిలో పాట పాడమంటే జంకే పిల్లలా ఉంది.

"నీ ఇష్టం. ఆరోజు కూడా నువ్వే కదా చెప్పింది."

బల్ల చల్లగానే ఉంది. రౌషాన్ రుమాలు సర్ది, చేతులు తలపైకి పెట్టించి, ఊదా గీతల మీదికి వెలుతురు గీతల్ని జరిపింది. "ఏడవాలనిపిస్తే ఏడవండి పెద్దమ్మా. భుజాలు మాత్రం కదలకూడదు." అడుగుల చప్పుడు దూరమైంది. తలుపు కదిలింది. ఎర్రదీపం. సన్నటి కూత. నూర్సులూ మడమలు బల్లకి తన్నిపట్టింది. కాళ్ళు మళ్ళీ వాటంతట అవే వెళ్ళిపోవాలని చూస్తున్నాయి.

పైనెక్కడో స్పీకరు పెట్టెలోంచి గదంతా అదిరేలా ఒక అరుపు.

"నూర్సులూ! కదలకే!"

"అరవక్కర్లేదు పెద్దమ్మా, మామూలుగా అన్నా వినపడుతుంది," అని రౌషాన్ గొంతు దూరంగా.

పెట్టెలో గరగర. ఖదీషా ఊపిరి వినపడుతోంది. తానన్నది తన చెవినే పడినట్టుంది.

"కాదు కాదు. అది కాదు నే చెప్పేది. కదిలితే కదులు, నేనేమీ అనను—"

"అయ్యో, కదలకూడదు!" అంది రౌషాన్.

నూర్సులూకి నవ్వొచ్చింది. ఛాతీ ఎగరకుండా దాన్ని గొంతులోనే పట్టుకుంది. కాళ్ళ సంగతి ఆ క్షణం మర్చిపోయింది. యంత్రం మెల్లగా ఆమె మీదుగా తిరిగి, ఒక పక్కన ఆగి, తుట్టెలో తేనెటీగల్లా మూలగడం మొదలుపెట్టింది. తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఆవిడ కళ్ళు తెరిచే ఉంచింది. తెల్లటి కప్పు, దానిమీద నీళ్ళు కారిన మరక. ఇంకేమీ లేదు.

"వింటున్నావా?" అంది ఖదీషా. గొంతు బాగా తగ్గింది. "మొన్నమొన్నటి సంగతి కాదు. ఆ సభల్లోనే తెలిసింది నాకు. ముందు వరసలో కూర్చున్నాను. కంబళి ఏమీ ఆపదని, ఆ డాక్టరు నా మొహంలోకి చూసే చెప్పాడు. ఇంటికెళ్ళగానే నీకు చెబుదామనుకున్నాను. బస్సెక్కాను కూడా. మీ ఇంటికొచ్చి, టీ తాగి, వెళ్ళిపోయాను."

తేనెటీగల మూలుగు ఆగింది. యంత్రం రెండోపక్కకి తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది.

"చెబితే నాకేం మిగులుతుంది? కాళ్ళు పగిలేలా తొక్కాను ఆ కంబళి. అది ఉత్తదే అంటే, నేను వాణ్ణి దేని కింద పెట్టినట్టు? ఎవర్ని తిట్టను? మాస్కో ఎక్కడో ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు."

నూర్సులూ కళ్ళ చివర్లనుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు తలపైన ఉన్నాయి. భుజాలు కదలలేదు. కాళ్ళు కదలలేదు.

మైకు దగ్గర కుర్చీ కిర్రుమంది. ముక్కు చీదిన చప్పుడు. అటు నడవాలోకి కూడా వినపడుతోందేమో, ఇంతసేపూ మైకులోంచి వస్తున్న టీ పియాలాల చప్పుడు కూడా ఆగింది.

"వాడు పోయింది నీవల్ల కాదు," అంది ఖదీషా. "ఏడోరోజున నేనన్నానే, ఆ మాట. అది తప్పు. నేనన్నది తప్పు, నూర్సులూ."